బుడ్డపేస్టుకు పోయొచ్చే తొవ్వ

పోయిన ఆదివారం పొద్దున, నిజామాబాద్‌లో నేను అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మ, ఫోన్ వచ్చిందని కిందినుంచి పిలిచింది. బోధన్ నుంచి నా చిన్ననాటి స్నేహితురాలు. వాళ్ళది గాజుల దుకాణం. "టీచర్ పోయిందే" అంది. మళ్ళీ తనే అంది: "సూడు, 'పోయింది' అన్న. టీచర్ వింటె తిడ్తుండె."

నిజమే. మా టీచర్ దగ్గర ఎవరూ "పోత" అనకూడదు, "పోయొస్త" అనాలి. మా ఇళ్ళల్లోనూ అందరూ అనే మాటే అది. కానీ ఆమె దాన్ని ఒక పాఠం చేసింది. "ఏడికన్న పోవాల్నంటె ముందుగాల వచ్చే బండి సూస్కోవాలె. వచ్చే బండి తెల్సినంకనే పోయే బండి ఎక్కాలె" అనేది.

బోధన్ బడిలో ఆమె మాకు సోషల్ చెప్పేది. పెళ్ళి చేసుకోలేదు. చర్చి పక్క సందులో చెల్లెలితో కలిసి ఉండేది. వాళ్ళింటి గోడకు ఎప్పటిదో ఒక క్యాలెండర్ ఉండేది. తేదీల కాగితాలు ఎప్పుడో చిరిగిపోయాయి, బొమ్మ మాత్రం మిగిలింది. పెద్ద నది, దానిమీద వంతెన, వంతెన మొదట్లో రెండు రాతి సింహాలు, అవతల గుట్టమీద కోట. కింద బుడాపెస్ట్ అని రాసి ఉండేది. ఆ బొమ్మను చూసీ చూసీ, ఆ ఊరి గురించి దొరికిందల్లా చదివీ, పదో తరగతి పిల్లలను అక్కడికి తీసుకుపోవాలని నిర్ణయించుకుంది. ప్రతి శనివారం బడి అయ్యాక, వాళ్ళింటి వాకిట్లో, ప్లాను రూపంలో.

మొదటి శనివారం ముందురోజు క్లాసులో చెప్పింది: "రేపు బుడాపెస్ట్. అందరు రావాలె." మర్నాడు నా స్నేహితురాలు చేతిలో చిన్న పేస్టు ట్యూబు పట్టుకుని వచ్చింది. ఎందుకే అంటే, "టీచరే చెప్పింది గదా, బుడ్డ పేస్టు అని. పెద్దది వద్దన్నట్టు" అంది.

మేము నవ్వి నవ్వి అరుగుమీద పడ్డాం. దాని ముఖం చిన్నబోయింది. టీచర్ నవ్వలేదు. ట్యూబు తీసుకుని, "మంచిగ తెచ్చినవ్ బిడ్డా. గంత దూరం పోయేటోళ్ళు పండ్లు తోముకోరా?" అంది. తర్వాత వాకిట్లో మట్టిని దోసిళ్ళతో కుప్ప చేసి, దానిమీద ట్యూబును నిలబెట్టింది. "ఇది గుట్ట. గిది కోట. గుట్ట ఉన్నది బుడా దిక్కు, సాపుగ ఉన్నది పెస్ట్ దిక్కు. నడిమిట్ల నది." ఆ రోజునుంచి మాకది బుడ్డపేస్టే అయింది. ఆమె కూడా అట్లాగే అనేది.

ముగ్గుపిండితో వీధులు గీసేవాళ్ళం. బట్టలకు పెట్టే నీలిమందు నీళ్ళలో కలిపి పోస్తే డాన్యూబ్ నది. వంతెనలకు చెరకు గడలు. చెరకు మాకు కొదవ కాదు, మా బాపు ఎడ్లబండి మీద ఫ్యాక్టరీకి చెరకు తోలేవాడు. ప్లాను అయిపోగానే వంతెనలన్నీ విరుచుకుని తినేవాళ్ళం. ఒకసారి ఎవరో పాపం అనిపించి అడిగారు, వంతెనలు తినొచ్చా అని. "యుద్ధంల ఆ వంతెనలన్ని కూలగొట్టిన్రు. ఆ ఊరోళ్ళు మల్ల కట్టుకున్రు. మీరు తినుర్రి, వచ్చే శనివారం మల్ల కడదాం" అంది టీచర్.

ఆ ప్రయాణంలో ఒక్కొక్కరికి ఒక్కో పని. టర్కీవాళ్ళు ఏలిన కాలంలో కట్టిన హమామ్, అంటే వేడినీళ్ళ స్నానశాల, చూపించే పని గాజుల దుకాణం పిల్లది. అది ఇంట్లో చెబితే వాళ్ళమ్మ అడిగి రమ్మందట, అక్కడ ఆడవాళ్ళకు పర్దా ఉంటుందా అని. "ఆడోళ్ళకు వేరె రోజు ఉంటదట, మీ అమ్మీని గూడ తోల్కరా" అంది టీచర్. తన పని మాత్రం ఎప్పుడూ ఒకటే. "నాకు మోకాళ్ళ నొప్పులు. గుట్ట ఎక్కుడు నాతోని గాదు. నేను పెస్ట్ దిక్కు సద్దిమూట కాడ కూసుంట. మీరు పోయి సూసి రార్రి."

నా పని తొవ్వ అడగడం. క్లాసులో అందరికంటే తక్కువ మాట్లాడేది నేనే కాబట్టి. మా ఇంట్లో నాకంటే ముందు ఎవరూ బడికి పోలేదు. నోరు తెరిస్తే ఏం తప్పు వస్తుందో అని భయం. టీచర్ నన్ను క్యాలెండర్ దగ్గరికి తీసుకుపోయి సింహాలను చూపించింది. వాటికి నాలుక చెక్కడం శిల్పి మరిచిపోయాడని ఆ ఊళ్ళో ఒక కథ ఉందట. "రాతి సింహాలకు నాలుక లేదు. నీకున్నది. తొవ్వ అడుగు" అంది. ఒక్కొక్క పిల్ల ఒక్కొక్క వీధిమూల నిలబడేది, నేను అడుగుతూ పోయేదాన్ని. రైలు దిగి ట్రాము ఎటు, ట్రాము దిగి వంతెన ఎటు. ముగ్గు తొక్కకుండా, లంగా ఎత్తిపట్టుకుని, ఊరంతా తిరిగాను.

పదో తరగతి పాసయ్యాను. కాలేజీకి నిజామాబాద్ పోవాలి. మా పెద్దవాళ్ళు ఇప్పటికీ దాన్ని ఇందూరు అనే అంటారు. బాపు ససేమిరా అన్నాడు. ఒక సాయంత్రం టీచర్ మా ఇంటికి వచ్చింది. నాకోసం బతిమాలుతుందని అందరం అనుకున్నాం. బాపు ముందే మొదలుపెట్టాడు.

"ఇందూరంటె మాటలా టీచర్. బస్‌స్టాండ్ల దిగినంక ఎటు పోవాల్నో నాకే సక్కగ తెల్వది. ఆడివిల్ల ఒక్కతి ఎట్ల పోతది?"

"నేనేం మాట్లాడనీకి రాలేదన్నా. చాయ్ తాగనీకి వచ్చిన. గా ముచ్చట నీ బిడ్డనే అడుగు" అని టీచర్ నావైపు తిరిగింది. నేను తల దించుకుని ఉన్నాను. "గట్ల సింహం లెక్క కూసున్నవేందే?" అంది.

"సింహమేంది?" అన్నాడు బాపు.

సింహం అంటే ఏమిటో చెప్పాలంటే వంతెన చెప్పాలి, వంతెన చెప్పాలంటే నది చెప్పాలి. చెప్పడం మొదలుపెట్టాను. ఆపడం నాకే చేతకాలేదు. అవ్వ, అదే మా అమ్మ, పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చింది. "గంత దూరంల తిండెట్లనే?" అంది. మిరపకాయలు దండలు గుచ్చి అంగట్లో అమ్ముతారని చెప్పాను. "గట్లనా. అయితె మనసొంటోళ్ళే" అని నిమ్మళించి మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది.

"మరి వచ్చుడెట్ల?" అన్నాడు బాపు.

అది మాకు మొదటి పాఠం. తడుముకోకుండా చెప్పాను. విమానం బొంబాయిలో దిగుతుంది, అక్కడ రైలెక్కి, మన్మాడ్‌లో బండి మారి, ఇందూరు. టీచర్ చాయ్ ఊదుకుంటోంది, ఆమె ముఖంలో గర్వం దాగడం లేదు.

బాపు మీసం దువ్వుకున్నాడు. "బుడ్డపేస్టు కెల్లి ఇందూరు దాక వచ్చినవ్. బాగనే ఉన్నది. మరి ఇందూరు కెల్లి బోధన్‌కు ఆఖరి బస్సు ఎప్పుడు?"

నాకు తెలియదు. టీచర్ చాయ్ ఊదడం ఆపింది. ప్రపంచమంతా తిరిగివచ్చి, ఇంటి ముందర పడిపోయాను.

"తెల్వది బాపు" అన్నాను. "అడుగుత."

"ఎవల్ని?"

"కండక్టర్ని. నాలుక ఉన్నది గద."

బాపు అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. "రేపు పోదాం నడువ్. అన్ని నువ్వే అడగాలె. నేను నోరు తెరువ" అన్నాడు. టీచర్ ఖాళీ కప్పు పక్కన పెట్టి లేచింది. "అయితె నేను పోయొస్త" అంది.

మర్నాడు నిజామాబాద్ బస్‌స్టాండులో కండక్టర్నీ, ఆటో అతన్నీ, అరటిపండ్ల ఆమెనూ తొవ్వ అడిగాను. బాపు తువ్వాల భుజాన వేసుకుని, పెదవి కదపకుండా, నాలుక లేని సింహంలా నా వెనకే నడిచాడు. కాలేజీ గేటు దగ్గర మాత్రం ఒక్క మాట అన్నాడు: "ఆఖరి బస్సు ముచ్చట మరువకు." ఆ కాలేజీలో చదివే ఇవాళ నేను ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను.

టీచర్ మాత్రం బుడ్డపేస్టు చూడనే లేదు. నిజంగా పోవాలని ఉండేదా అని ఒకసారి అడిగాను. "పోవాల్ననే గదా ప్లాను జేసిన. ఉత్తగ ఎవలన్న జేస్తరా?" అంది. ఆ తర్వాత, ట్రాము దిగే చోట నీడ ఉంటుందో లేదో తెలియడం లేదని చాలాసేపు దిగులుపడింది.

ఫోన్ రాగానే బోధన్ బస్సెక్కాను, ఆ సాయంత్రమే టీచర్‌ను మట్టి చేశారు. చర్చి పాటలు అయ్యాక మేమంతా ఆమె ఇంటి వాకిట్లో కూర్చున్నాం. రకరకాల సంవత్సరాల్లో చదివిన పిల్లలం, కొందరి చంకల్లో పిల్లలు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, అరుగుమీది ముగ్గుబుట్ట చేతులు మారింది. వీధులు వచ్చాయి. టీచర్ చెల్లెలు ఏమీ అడగకుండా లోపలికి పోయి నీలిమందు సీసా తెచ్చింది. గాజుల దుకాణం పిల్ల సంచిలోంచి చిన్న పేస్టు ట్యూబు తీసింది. దారిలో కొనుక్కుని వచ్చిందట. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు.

బాపు గోడ పక్కన నిలబడి ఉన్నాడు, భుజంమీద చెరకు మోపు. చావింటికి చెరకు ఎందుకని దారిలో అడిగితే చెప్పలేదు. ఇప్పుడు ముందుకు వచ్చి, ఒక గడను మోకాలికి ఆనించి విరిచాడు. "గా సింహాలున్న వంతెన యాడికొస్తదే?" అన్నాడు. చూపించాను. కూర్చుని, రెండు చేతులతో దాన్ని నదిమీద పెట్టాడు.

చీకటి పడుతుంటే మిగిలిన వంతెనలన్నీ తినేశాం. ఆమె చెల్లెలే తినమంది. సింహాల వంతెన ఒక్కటే ఎవరూ తీయలేదు. పొద్దున బస్సుకు బయల్దేరుతూ ఆ వాకిట్లోకి పోయి చూస్తే, విరిచిన కొసల్లోంచి కారిన తీపికి చీమలు పట్టాయి. పెస్ట్ నుంచి బుడాకు ఒక వరుస, బుడా నుంచి పెస్ట్‌కు ఒక వరుస. ఎదురుపడ్డ ప్రతిసారీ, ఏదో అడిగినట్టు ఒక క్షణం ఆగి, మళ్ళీ నడుస్తున్నాయి.