మొదట గీత దాటినవాడు

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి అడాజన్ పేటలోని నా ఒంటి గదిలో కిటికీ తెరలు వేసుకుని, కంప్యూటర్ మీద గ్లైడర్ పందెం ఆడతాను. గ్లైడర్ అంటే ఇంజన్ లేని విమానం. నేల వేడికి పైకి లేచే గాలిని వెతుక్కుని, అందులో గుండ్రంగా తిరిగి ఎత్తు సంపాదించి, ముందుకు జారాలి. దేశానికొకరుగా ఇరవై మందిమి. వారమంతా ఖటోదరా మిల్లులో చీరల అచ్చులకు పూలు గీసే నాకు దొరికే మనుషులు వాళ్లే. ముఖాలు ఎరగను, గ్లైడర్ల రంగులు తెలుసు.

మా గొడవంతా బయల్దేరడం దగ్గరే. బయల్దేరే గీత తెరిచాక అరగంటలో ఎవరైనా ఎప్పుడైనా దాటొచ్చు. ఎవరి సమయం వాళ్లు దాటిన క్షణం నుంచే లెక్క. దాంతో ఎవడూ ముందు కదలడు. ముందువాడు గాలి వెతికిపెడితే, వెనకవాడు నేరుగా అక్కడికే వచ్చి సమయం మిగుల్చుకుంటాడు. నేనేమో వడ్డన మొదలవకముందే విస్తరి ముందు కూర్చునే రకం. ప్రతిసారీ నేనే ముందు దాటి, పదిహేనో స్థానంలో తేలేవాణ్ణి. చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరినట్టుందని మా పందెం గ్రూపులో నా ఇంగ్లీషులో రాశాను. ఒక పెద్దాయన మా ఇంట్లో పాములు దూరాయేమోనని కంగారుపడ్డాడు. చివరికి సూటిగా ఒక రూలు ప్రతిపాదించాను: గీత దాటాక ఒకరికొకరు కనిపించకూడదు.

ఓటింగుకు ముందు ఊరి అవతలి కొస డిండోలిలో ఉండే మా బాపుకు ఇదంతా చెప్పాను. ఆయన బతుకంతా సాంచాల మీదే, అంటే మరమగ్గాల మీదే గడిచింది.

"నువ్వు దొరకవట్టిన గాలిల ఇంకొకడు తిరిగితే నీదేం పోయింది రా? నేను పాళీ అయిపోయి దిగేటప్పుడు తెగిన పోగులన్నీ ముడేసి, ఎనకొచ్చేటోనికి నడిచే సాంచాలే అప్పజెప్తుంటి."

"గందుకే నువ్వు నేసిన మీటర్లు ఎన్నడూ తక్కువే బాపూ. నువ్వు ముడులేస్తే వాడు నేసిండు."

"నేసిండు. అయితే ఏంది?" అని చాయ్ గ్లాసు నా ముందుకు జరిపాడు. ఆయనకు పందెం అంటే ఏమిటో తెలియదని విసుక్కుంటూ తాగకుండానే లేచి వచ్చాను.

ఓటింగులో నెగ్గాను.

కొత్త రూలు వచ్చిన ఆదివారం, అలవాటుగా నేనే ముందు దాటి వెనక్కి చూశాను. ఆకాశం ఖాళీ. కొండ వాలు మీద మంచి గాలి దొరికింది. తిరుగుతున్నంతసేపూ కిందికి చూస్తూనే ఉన్నాను, ఎవరైనా వచ్చి చేరతారేమోనని. రారని తెలుసు, రూలు రాసింది నేనే. రెండో స్థానం వచ్చింది. అంత పైకి నేనెన్నడూ రాలేదు. గ్రూపు నిండా అభినందనలు. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ నేను పాములని తిట్టింది, వారం మొత్తంలో నన్ను వెతుక్కుంటూ వచ్చే ఒకే ఒక్క గుంపును.

పాత రూలే మళ్లీ పెట్టమని అడుగుదామనుకున్నాను. అడగాలంటే ఒక ఫారం ఉంది, నేను ఇంతకుముందు నింపిందే. అందులో ఒకటే ప్రశ్న: ఇప్పుడున్న రూలు వల్ల ఎవరికి ఏం అన్యాయం జరుగుతోంది?

రాయడానికి ఒక్క అన్యాయం కూడా దొరకలేదు.