వీరభద్రం మేస్టారి నలభై అయిదు సెకన్లు

కొవ్వూరుకీ రాజమండ్రికీ మధ్య గోదావరి మీద వంతెన కట్టేటప్పుడు ఇంజనీర్లు మా తాతయ్య వీరభద్రం మేస్టారిని ఒక్క మాట అడిగి ఉంటే రెండు స్తంభాలు మిగిలేవి. ఆ మిగిలిన సరంజామాతో మా పెరటి గోడ ఈపాటికి పూర్తయ్యేది. ఆయన లెక్క తప్పగా చూసిన మనిషి కొవ్వూరులో లేడు. చూశానని ఎవరైనా అంటే, ఆ అన్నవాడే ఎక్కడో లెక్క తప్పాడన్నమాట.

హైస్కూల్లో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన ఈ పెద్దమనిషికి, 2003లో, అరవై ఆరో ఏట, ఒక పరీక్ష మీద ఒళ్లు మండింది. దాని పేరు ఐసెట్. ఎంబీయేలో చేరాలంటే రాయవలసిన ఎంట్రన్సు. రాసేది మా పెదనాన్న కూతురు ఉమాశ్రీ. మండేది తాతయ్యకి.

రెండు వందల ప్రశ్నలు, నూట యాభై నిమిషాలు. పాత పేపరు చేతికొచ్చిన రోజే ఆయన భాగహారం చేసి, ప్రశ్నకి నలభై అయిదు సెకన్లని తేల్చారు. నమ్మకం కుదరక ఇంకోసారి చేశారు. నలభై అయిదే వచ్చింది. ఆ వ్యవధిలో చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా అవదని, ఈ పేపరు తయారుచేసినవాళ్లు చొక్కాలు తొడుక్కోరు కాబోలని అన్నారు.

ఆయన క్లాసులో లెక్కకొక పద్ధతి ఉండేది. ఇచ్చినదేమిటో రాయాలి, కావలసినదేమిటో రాయాలి, ఒక్కో మెట్టే దిగాలి, 'కాబట్టి' అనే మూడు చుక్కలు పెట్టాలి, జవాబు కింద రెండు గీతలు గియ్యాలి. జవాబు రైటై గీతలు లేకపోతే అర మార్కు ఎగిరిపోయేది. కొవ్వూరులో ఇప్పటికీ కొందరు నడివయసు పెద్దమనుషులు కిరాణా చీటీ కింద కూడా రెండు గీతలు గీస్తుంటారు. వాళ్లంతా ఆయన చేతిలో పడి లేచినవాళ్లే.

ఉమాశ్రీ కూడా ఆ చేతిలోనే పడింది. కిందటేడు మొదటిసారి ఐసెట్ రాసినప్పుడు తర్ఫీదంతా తాతయ్యదే. ర్యాంకు తొమ్మిది వేల చిల్లర వచ్చింది. యూనివర్సిటీలో సీటు కావాలంటే వెయ్యి లోపు రావాలి. పెదనాన్న మణిశంకర్ కోప్పడలేదు. ఈ ఏడు ఇంకోసారి రాయి, రాకపోతే బీఈడీలో చేరిపో అని మాత్రం తేల్చేశాడు. పిల్లలకి పాఠాలు చెప్పడమంటే ఉమాశ్రీకి సుతరామూ గిట్టదు. ఇంటికొక మేస్టారు చాలునని ఆమె అభిప్రాయం. కాబట్టి ఈసారి పోతే చదువొక్కటే కాదు, ఆమె అనుకున్న బతుకే పోతుంది. ఆ సంగతి తాతయ్యకీ తెలుసు. తెలుసు కనకనే పట్టు ఇంకా బిగించారు.

రోజూ పొద్దున్న అయిదున్నరకి వీధి అరుగు మీద చాప పడేది. ఉమాశ్రీ ముందురోజే యాభై ప్రశ్నలు చేసి ఉంచిన నోటుబుక్కు అందించాలి. తాతయ్య ఎర్ర పెన్నుతో దిద్దాలి. అన్నిటికంటే ఆయన ప్రాణం తీసినవి ఇచ్చిన సమాచారం చాలునా చాలదా అని అడిగే ప్రశ్నలు. ఒకతని వయసు అడుగుతారు, కింద రెండు వాక్యాలు ఇస్తారు. వాటితో వయసు చెప్పగలమో లేదో గుర్తు పెడితే చాలు, వయసు కట్టక్కర్లేదు. తాతయ్య కట్టేవారు. నలభై రెండేళ్లని తేల్చి, రెండు గీతలు గీసి, అప్పుడు తలెత్తేవారు.

"వయసెంతో అక్కర్లేదు తాతయ్యా. చెప్పగలమా లేదా అన్నదే అడిగాడు" అంది ఉమాశ్రీ.

"చెప్పగలిగినవాడు చెప్పకుండా ఊరుకోవడం ఏం మర్యాదే?" అన్నారాయన.

రెండు నెలలు ఇలా నడిచాక, మార్చి నెలలో ఒక పొద్దున్న, నోటుబుక్కు దిద్దుతుంటే ఆయన ఎర్ర పెన్ను ఆగిపోయింది. పుట తిప్పారు. ఇంకో పుట తిప్పారు. వెనక్కి వెళ్లి వారం రోజులవీ చూశారు. ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు. వేలకి వేల పేపర్లు దిద్దిన మనిషికి ఒకటి తెలుసు. ఆలోచిస్తూ చేసిన లెక్కలో ఎక్కడో ఒకచోట ఒక అంకె కొట్టేసి ఉంటుంది. ఇంత శుభ్రంగా ఉన్నదంటే చూసి రాసినదే. గైడు వెనక పుటల్లోంచి తన మనవరాలు కాపీ కొడుతోందన్నమాట.

ఆ రోజు ఆయన పెసరట్టు ముట్టలేదు. మా మామ్మ శ్యామలాంబ కారణమడిగితే పిండి పులిసిందన్నారు. పెసరపిండి పులియబెట్టరు కదండీ అని మామ్మ అంటే, ఈ ఇంట్లో ఏం జరుగుతోందో ఆవిడకేం తెలుసునని విసుక్కున్నారు. రెండు రోజులు అలాగే చిటపటలాడి, మూడో రోజు చాప మీద కూర్చుంటూ పుస్తకం ఉమాశ్రీ ముందు పడేశారు. ఎక్కణ్ణించి ఎక్కిస్తున్నావని అడిగారు.

ఆమెకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్లలో నీళ్లు తిరిగాయి గాని, గొంతు మాత్రం గట్టిగానే వచ్చింది.

"జవాబు నాకు ముందే వచ్చేస్తోంది తాతయ్యా. ఆప్షన్లు చూసి మనసులో పట్టేస్తున్నాను. స్టెప్పులు తరవాత మీ కోసం రాస్తున్నాను. మధ్యాహ్నమంతా దానికే సరిపోతోంది."

తాతయ్య కాసేపు ఎర్ర పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు. తరవాత అడిగారు.

"కిందటేడు ఎన్ని చేశావు?"

"తొంభై నాలుగు."

"మిగతావి రాలేదా?"

"వచ్చు. టైము చాల్లేదు. అప్పటికి నాకీ పద్ధతి తెలీదు. అన్నీ మీరు చెప్పినట్టే చేశాను."

"తప్పుకి మార్కులు కొయ్యరన్నావుగా. ఆ నూట ఆరూ ఏం చేశావు?"

"ఖాళీగా వదిలేశాను. తెలియని దానికి గుర్తు పెట్టడం దొంగతనమని మీరేగా అన్నారు."

తాతయ్య లేచారు. లోపలికి వెళ్లి పెన్సిలు చెక్కుకొచ్చారు. ఆమె చేతికి తన వాచీ ఇచ్చి, కొత్త పేపరొకటి తీసుకుని, ఇంగ్లీషు భాగంతో సహా తనే పరీక్షకి కూర్చున్నారు. నూట యాభై నిమిషాలూ తల ఎత్తలేదు. పాలవాడు పిలిచినా పలకలేదు. టైమైందనేసరికి యాభై ఎనిమిది ప్రశ్నలయ్యాయి. దిద్దితే యాభై ఎనిమిదీ రైటే.

"యాభై ఎనిమిదికి యాభై ఎనిమిది. ర్యాంకు మాత్రం లక్షలో ఉంటుంది" అంది మామ్మ, గుమ్మంలోంచి.

మర్నాటి నుంచి నోటుబుక్కు అటకెక్కింది. తాతయ్యకి ఒక్కటే పని. ఉమాశ్రీ పక్కన వాచీ పట్టుకుని కూర్చుని, గుర్తు పెట్టడానికి అయిదు వదిలి, నలభై సెకన్లు కాగానే "తరవాతది" అనాలి. జన్మలో ఒక లెక్క సగంలో వదలని మనిషికి ఈ ఒక్క మాట అనడం పన్ను పీకించుకున్నంత పనయింది. అనేవారు గాని, అని ఊరుకునేవారు కాదు. వదిలేసిన లెక్కని పెదవులు కదుపుతూ లోలోపల చేసుకుంటూ ఉండేవారు. ఒకరోజు రెండు రైళ్లు ఎదురెదురుగా వచ్చే లెక్కలో ఆయన పడిపోతే నాలుగు నిమిషాలు "తరవాతది" వినబడలేదు. ఉమాశ్రీ తలెత్తి చూస్తే ఆయన ఇంకా రైలు దిగలేదు.

ఆ దెబ్బకి వాచీ మామ్మ చేతికి వెళ్లింది. ఆవిడకి లెక్కలు రావు, కనక జాలి కూడా లేదు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే, కుక్కర్ కూతలు లెక్కపెట్టినంత తేలిగ్గా "తరవాతది" అనేది. తాతయ్యని మాత్రం వీధివైపు ముఖం పెట్టి కూర్చోమంది. అలా కూర్చున్నాక కూడా ఆయన వీపు గొణుగుతూనే ఉండేది.

ఇంకొక్క మాట మిగిలింది. అది చెప్పడానికి ఆయనకి వారం పట్టింది. ఆఖరి అయిదు నిమిషాల్లో మిగిలినవాటికి ఏదో ఒక గుర్తు పెట్టెయ్యమని, ఎవరూ ఏమీ అనుకోరని, ఆమెవైపు చూడకుండా అరుగు స్తంభానికి చెప్పారు. చెప్పి, నేరుగా వెళ్లి స్నానం చేశారు.

మే నెల ఎండలో రాజమండ్రిలో పరీక్ష. తాతయ్య కూడా వెళ్లారు. గేటు బయట గొడుగు వేసుకుని, ఎవరు పలకరించినా కసురుకుంటూ నిలబడ్డారు. ఉమాశ్రీ బయటికి రాగానే ఎన్ని చేశావని అడిగారు.

"నూట అరవై ఒకటి చేశాను తాతయ్యా. ముప్పై తొమ్మిది చల్లేశాను."

పొలంలో విత్తనాలు చల్లినట్టు ఆమె చెప్పిన తీరుకి ఆయన ముఖం మాడిపోయింది. బస్సు వంతెన దాటేవరకూ మాట్లాడలేదు. దాటాక, నాలుగింట ఒకటి లెక్కన ఆ ముప్పై తొమ్మిదిలో తొమ్మిదీ ముప్పావు రైటవుతాయని, ఆ తొమ్మిదీ ముప్పావూ న్యాయంగా మనవి కావని చెప్పారు. ఉమాశ్రీ కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంది.

ర్యాంకు ఆరువందల పద్దెనిమిది వచ్చింది. విశాఖపట్నంలో సీటు వచ్చింది. పెదనాన్న ఇంకెప్పుడూ బీఈడీ మాటెత్తలేదు. ఇంటికొచ్చినవాళ్లంతా మేస్టారి తర్ఫీదు అలాంటిదని పొగుడుతుంటే, ఆయన విసుగ్గా పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవారు.

చదువు పదో తరగతితో ముగించిన చిన్న మనవడు, అంటే ఇది రాస్తున్నవాడు, ఈమధ్య ఒక పొద్దున్న ఆయన దగ్గర చేరాడు. మీ మీద రాస్తున్నానని, అంతా బాగానే కుదిరిందని, ఆ కిందటేడు సంగతి దగ్గరే కలం ఆగిందని చెప్పాడు. అక్క పరీక్ష మొదటిసారి పోవడానికి మీరు కూడా కొంత కారణమేమో అన్నట్టుగా, పైపైన, తగలకుండా రాయనా, లేక ఆ ముక్క తీసెయ్యనా అని చేతులు నలుపుకుంటూ అడిగాడు.

తాతయ్య కళ్లజోడు తీసి వాడివైపు చూశారు.

"కొంతేంటి? మొత్తం నా వల్లే పోయింది. రాయి. దీనికింత నసుగుడెందుకురా?"