కిటికీలోంచి వేసిన కర్చీఫ్

బస్సు ఎక్కడం నాకొచ్చనుకోవడం నా తెలివితక్కువతనం. ఉద్యోగమంతా ఏలూరు, భీమవరం బస్సుల్లో వేలాడుతూ చేసినవాణ్ణి. స్కార్‌బరో బస్సుకు మాత్రం కొమ్ములుంటాయా అనుకున్నాను.

విజిటర్ వీసా మీద అక్కడున్న అక్క ఇంటికి వెళ్ళాను. చూసి పోదామని వెళ్ళినవాణ్ణి, చూసుకునే పనిలో పడ్డాను. బావకు కిడ్నీలు పాడై రోజు విడిచి రోజు డయాలసిస్. ఆ సెంటరేమో ఊళ్ళో గ్రీకువాళ్ళ వీధి పక్కన ఉంది. అక్క నర్సు, కారు ఆమెతోపాటే డ్యూటీకి పోయేది. అందుకని బావను బస్సులో తీసుకెళ్ళడం నా వంతయింది.

"ఒక్కటే గుర్తుపెట్టుకోరా. ఆయన్ని నిలబెట్టకు. మోకాళ్ళు ఎప్పుడు మడత పడతాయో తెలీదు. పడ్డారంటే ఇక లేవరు," అంది అక్క. సరేనని మాటిచ్చాను.

బస్సులో ముందు వైపు పెద్దవాళ్ళకూ ఒంట్లో బాగాలేనివాళ్ళకూ వేరే సీట్లున్నాయి. బావ వాటి వంక చూసేవాడు కాదు. "అవి పేషెంట్లకోయ్," అనేవాడు, డయాలసిస్‌కు వెళుతూ.

అది కాలేజీలు తెరిచే రోజులు. మన పిల్లలు ఆ ఏడు తండోపతండాలుగా దిగారు. స్టేషన్ దగ్గర బస్సు కోసం నిలబడ్డ లైను మలుపు తిరిగిపోయింది. అందులో సగం మాటలు తెలుగే. ఖాళీ బస్సు వచ్చి ఆగింది. పైన ఒక కిటికీ తెరిచి ఉంది. నాలోని పాత ప్రయాణికుడు లేచి కూర్చున్నాడు. బావను లైన్లో వదిలి పరుగెత్తాను. మునివేళ్ళ మీద లేచి, కిటికీ సందులోంచి సీటు మీద పడేలా కర్చీఫ్ వేశాను. మన దగ్గర కర్చీఫంటే ఖర్చు లేని రిజర్వేషన్. నింపాదిగా వెనక్కొచ్చి, "సీటు పట్టేశా బావా," అన్నాను.

మేం ఎక్కేసరికి ఆ సీట్లో ఒక కుర్రాడున్నాడు. నా కర్చీఫ్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని చెయ్యి చాచాడు.

"అంకుల్, మీ కర్చీఫ్ పడ్డది."

"పడలేదు బాబూ, వేశాను. సీటు కోసం."

"అరె, ఇది మన ఆర్టీసీ కాదంకుల్!"

వెనక సీట్లు గొల్లున నవ్వాయి. "రైట్ రైట్!" అని ఎవడో కండక్టరులా అరిచాడు. కుర్రాడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

నా మాట నిలబడలేదు. బావ నిలబడ్డాడు. రాడ్ పట్టుకున్న వేళ్ళు పాలిపోయాయి. "ముందు సీట్లోకి పోదాం బావా," అంటే నోర్ముయ్యమన్నట్టు చూశాడు. ఆయన మోకాలి వెనక నా మోకాలు ఊతంగా పెట్టి నిలబడ్డాను. బ్రేకు పడ్డప్పుడల్లా ఆయన బరువు నా మీదికి వచ్చేది. ఆ బరువు రానురాను తగ్గిపోతుందని అప్పటికి తెలియదు.

ఇంటికొచ్చాక అక్క అడిగితే, "రాజాలా కూర్చునే వెళ్ళాను. నీ తమ్ముడు కర్చీఫ్ వేసి మరీ సీటు పట్టాడు," అన్నాడు బావ. నేను తల దించుకుని మంచినీళ్ళు తాగాను.

తరువాత ముందే వెళ్ళి లైన్లో నిలబడటం నేర్చుకున్నాను. కిటికీ పక్క సీటు కర్చీఫ్‌తో దులిపి బావను కూర్చోబెట్టేవాణ్ణి. గ్రీకు వీధి బోర్డుల మీద గుండ్రటి అక్షరం కనిపిస్తే చాలు, "అదిగోనోయ్, మన సున్నా!" అనేవాడు.

ఆ చలికాలం బావ దాటలేదు.

నా తిరుగు ప్రయాణానికి ముందు, సెంటర్లో ఉండిపోయిన ఆయన దుప్పటి తెద్దామని ఒక్కణ్ణే బస్సెక్కాను. కూర్చున్నాక చెయ్యి దానంతటదే కిటికీ పక్క సీటు మీద కర్చీఫ్ పరిచింది. తీయబుద్ధి కాలేదు. జనం నిలబడ్డారు గానీ ఎవరూ అడగలేదు.

తరువాతి స్టాపులో ఆ కుర్రాడెక్కాడు. వేర్‌హౌస్ బూట్లు, కోటు మీద అట్టపెట్టెల దుమ్ము. "వేర్‌హౌస్‌ల షిఫ్ట్ ఇప్పుడే అయింది రా. సీదా క్లాసుకే పోతున్న," అని ఫోన్లో ఎవరితోనో అంటున్నాడు. ఫోన్ పెట్టేసి, రాడ్ పట్టుకుని నిలబడే కునికాడు. మోకాళ్ళు ఒక్కసారిగా మడత పడ్డాయి. తమాయించుకుని మళ్ళీ నిలబడ్డాడు.

"బాబూ, నీ కర్చీఫ్ పడ్డది," అన్నాను.

సీటు వంకా నా ముఖం వంకా మార్చి మార్చి చూశాడు. గుర్తొచ్చింది.

"అంకుల్... ఆ రోజు మీతోని ఇంకో అంకుల్ ఉండె గదా?"

"ఉండేవాడు. ఇది ఆయన సీటే. కూర్చో."

"వద్దంకుల్. నిలబడ్త."

"కూర్చోవయ్యా. ఇది మన ఆర్టీసీయే."

నేను తీర్చుకున్న పగ అంతే. కర్చీఫ్ ఎక్కడ పెట్టాలో తెలియక పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికే అతని తల నా భుజం మీదికి వాలింది. బ్రేకు పడ్డప్పుడల్లా బరువు తెలిసేది. గ్రీకు వీధి రాగానే ఆ తలను మెల్లగా కిటికీకి ఆనించి దిగాను. కర్చీఫ్ అతని పిడికిట్లోనే ఉంది. వెనక్కి తీసుకోలేదు.