బండ కింద రొయ్యల చుట్టాలు

పోయినేడు చనిపోయిన మా కూతురు రూతు ఏడాది ప్రార్థన రేపు. సంఘం వాళ్లు వస్తారని ఈ రోజు పొద్దున పెరట్లో బట్టలుతికే నాపబండ లేపి కడగబోయాం. కింద తడిమట్టిలో, చెయ్యి తగిలితే గుండ్రంగా చుట్టుకునే బూడిదరంగు పురుగులు గుంపుగా ఉన్నాయి. మా వదిన ఉడుకునీళ్ల చెంబు తెచ్చింది.

"పొయ్యొద్దు వదినా. అవి రొయ్యల చుట్టాలంట. రూతు చెప్పింది," అన్నాను.

"ఆళ్లగడ్డలో సముద్రం యాడుంది వదినా? రొయ్యలకు ఈడ చుట్టాలెట్ల వచ్చిరి?"

నాకు నవ్వొచ్చింది. నంద్యాల కాలేజీలో చదివేటప్పుడు రూతు ఈ బండ మీదే కూర్చుని చెప్పింది. వాటి పూర్వీకులు నీళ్లలోవే, ఎప్పుడో గట్టెక్కాయట. ఇప్పటికీ ఊపిరికి తడి కావాలట. తల్లి కడుపు కింద సంచిలో నీళ్లుంచుకుని అందులోనే పిల్లల్ని సాకుతుందట. నీళ్లు వదిలి బతకడం ఎట్లా నేర్చుకున్నాయో కూడా చెప్పింది. అది నాకు గుర్తు లేదు. మళ్లీ అడుగుదామంటే బిడ్డ లేదు.

వదిన నా మొహం చూసి చెంబు పక్కన పెట్టింది. బండ కడగకుండానే మళ్లీ వేసేశాం. వచ్చేవాళ్లు ఏమనుకున్నా సరే.

తెలిసినవాళ్లుంటే నాకర్థమయ్యేటట్టు చెప్పండి. అవి మొదటిసారి గట్టుకొచ్చినప్పుడు ఊపిరి ఎట్లా తీసుకున్నాయి?