ఆది జాకెట్టు

జువ్వలదిన్నెలో పెంచలమ్మలు ఐదుగురు. పెంచలకోన దేవుడికి మొక్కుకుని కన్న ఆడపిల్లలందరికీ అదే పేరు పెట్టుకుంటూ పోతే ఎవరిని పిలిస్తే ఎవరు పలకాలి? అందుకని ఊరు తన పద్ధతిలో ఒక దారి కనిపెట్టింది. రేషను పెంచలమ్మ, మిద్దె పెంచలమ్మ, టీచరు పెంచలమ్మ, సన్న పెంచలమ్మ. ఐదో ఆమె లావు పెంచలమ్మ. ఊరు పేరు పెట్టేటప్పుడు మనిషికి మంచిది ఏది అని వెతకదు, ముందు కంటికి ఏది తగిలితే అదే పెడుతుంది.

హార్బరుకు పోయే దారిలో రేకుల షెడ్డులో ఆమెది టిఫిను హోటలు. ఇరవై రెండేళ్ళుగా బోట్ల వాళ్ళు పొద్దున్నే వచ్చి, "లావక్కా, నాలుగిడ్లీ, కారప్పొడి ఎక్కువెయ్" అంటారు. ప్రేమగానే అంటారు. ఆమె కూడా అంతే ప్రేమగా వడ్డిస్తుంది. లోపల ఎక్కడో ఒక ముల్లు రోజూ కాస్త దిగుతుందని వాళ్ళకు తెలీదు, ఆమె చెప్పలేదు. తిని తిని అట్లా అయిందనుకుంటారు జనం. నిజానికి ఆమె కూర్చుని తిన్న రోజులు తక్కువ. పెళ్ళైన పదేళ్ళకు బిడ్డ పుట్టింది, ఆపరేషన్ అయింది, తరువాత థైరాయిడ్ వచ్చింది, ఆ తరువాత ఒళ్ళు ఆమె మాట వినడం మానేసింది. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళు.

ఆ ఒక్కగానొక్క బిడ్డ అనూషకు పెళ్ళి కుదిరింది. నెల్లూరులో ఒక ల్యాబులో పని చేస్తుంది, హాస్టల్లో ఉంటుంది. పిల్లవాడు అశోక్‌ది కూడా నెల్లూరే. పెళ్ళి అక్కడి కల్యాణమండపంలో. అయ్యగారు వచ్చి లగ్నపత్రిక రాసిన రోజున పెంచలమ్మతో, "కన్యాదానంలో అబ్బాయి కాళ్ళు మీ ఆయన కడుగుతాడు, చెంబుతో ధార పోసేది మాత్రం నువ్వేనమ్మా" అన్నాడు. తెలిసిన సంగతే. అయినా ఆ మాట ఆమె మనసులో నాటుకుపోయింది. ఒక్కతే బిడ్డ, అంటే ఆ చెంబు జన్మలో ఒక్కసారే చేతికొస్తుంది. ఆ పూట పీటల మీద కూర్చున్నది లావు పెంచలమ్మ కాకూడదు, అనూష వాళ్ళమ్మ కావాలి. అంతకు మించి ఆమె ఏమీ కోరుకోలేదు.

నెల్లూరులో చీరల షాపుకు పోయారు. అంగట్లో మనిషి చీర విప్పి, పెంచలమ్మ మీద వేసి చూపించకుండా అనూష భుజం మీద వేసి, "అమ్మకు ఇట్టా ఉంటుంది" అన్నాడు. కొబ్బరి ఈనెలా సన్నగుండే పిల్ల మీద ఏ చీర బాగుండదు? పెంచలమ్మ చిలకపచ్చ చీర మీద చెయ్యి పెడితే, "మీ పర్సనాలిటీకి ముదురు రంగైతే కొంచెం తగ్గినట్టు కనిపిస్తారమ్మా" అని దాన్ని మెల్లగా పక్కకు జరిపాడు. చివరికి వంగపండు రంగు పట్టుచీర తీసుకున్నారు. చీరతో గొడవ లేదు, ఆరు గజాలు ఎవరినైనా చుట్టుకుంటాయి. గొడవంతా జాకెట్టు దగ్గరే మొదలవుతుంది.

అక్కణ్ణించి మగ్గం వర్కు చేసే బీజాన్ కొట్టుకు తీసుకుపోయింది అనూష. బీజాన్ భర్త మౌలా చట్రం ముందు కూర్చుని జరీ కుడుతున్నాడు. కొలతలు బీజానే తీస్తుంది, గట్టిగా చదువుతుంది, మౌలా పుస్తకంలో రాసుకుంటాడు. వీళ్ళకంటే ముందొచ్చిన అమ్మాయి కొలతలు వీధిలోకి వినబడేట్టు ఒక్కొక్కటే పలికింది. ముప్పై నాలుగు, ఇరవై ఎనిమిది. బల్ల మీద ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. పెంచలమ్మ పైట కొంగు వీపు మీదికి లాక్కుంది. టేపు మెడలో వేసుకుని బీజాన్, "రాండక్కా" అనగానే, "కొలతలొద్దులేమ్మా, ఆది జాకెట్టు పంపిస్తా" అంది.

అందులో వింతేం లేదు. ఒంటికి సరిగ్గా సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఇస్తే దాన్ని పెట్టి కొత్తది కత్తిరిస్తారు. సగం మంది ఆడవాళ్ళు చేసేది అదే. బీజాన్ మాత్రం, "సరిగ్గా సరిపోయేదే పంపండక్కా. మగ్గం పనికి ముందే గుడ్డ మీద గీత గీసేస్తాము. అంచుదాకా పూసలు పడినాక ఇక విప్పేదానికి ఉండదు" అని చెప్పి పంపింది.

ఇంటికొచ్చి పెంచలమ్మ పెట్టె తెరిచింది. ఇప్పుడు వేసుకునేవి మూడు కాటన్ జాకెట్లు. ఒకదానికి చంకల కింద వేరే గుడ్డతో అతుకులు, ఒకదానికి వీపు మీద పొడుగ్గా పట్టీ. పోపు మరకలు. ఇవా పంపేది? ఆ ముగ్గురు ఆడవాళ్ళ ముందు బీజాన్ వీటిని విప్పి పరిస్తే? పెట్టె అడుగున ఎనిమిదేళ్ళ కిందటి పట్టు జాకెట్టు ఉంది. స్లాబు వేసి గృహప్రవేశం చేసుకున్నప్పటిది. నలగలేదు, రంగు దిగలేదు. పెళ్ళికి ఇంకా యాభై రోజులుంది. రాత్రి అన్నం మానేస్తే, పొద్దున నాలుగడుగులు నడిస్తే, ఎందుకు తగ్గను అనుకుంది. ఇక్కడ ఆమెను చూసి నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. సిగ్గుతో చచ్చిపోయే మనిషి ఏ ఆశనైనా పట్టుకుంటుంది.

ఆదివారం అనూష వస్తే ఆ పట్టు జాకెట్టు పొట్లం కట్టి ఇచ్చింది. అనూష దాన్ని ఒకసారి చూసింది, తల్లిని ఒకసారి చూసింది, బ్యాగులో పెట్టుకుంది. ఆ సాయంత్రమే దండెం మీద ఆరేసిన కాటన్ జాకెట్టు ఒకటి, అతుకులది, కనిపించకుండా పోయింది. సముద్రం గాలికి ఎగిరిపోయిందనుకుని పెంచలమ్మ గాలిని నానా మాటలూ తిట్టింది.

వారానికి బీజాన్ ఫోన్ చేసింది. హోటల్లో జనం ఉన్నారు.

"అక్కా, మీ ఆది జాకెట్టు నా ముందరే ఉండాది. ఇది ఇప్పటిదేనా?"

"ఇప్పటిదే. ఉగాదికి కుట్టించినా."

"కొంచెం వదులుగా గీసేదా అక్కా? పెళ్ళిలో కూర్చోవాల, లేవాల..."

"వొద్దు. దాని మీదే గీయి. ఒక్క నూలుపోగు కూడా వదులొద్దు. నా ఒళ్ళు నాకు తెలీదా బీజానమ్మా?"

"మీరు అంతగా చెప్తే సరే అక్కా" అని పెట్టేసింది బీజాన్.

ఆ నెలన్నర పెంచలమ్మ పడిన పాట్లు పగవాళ్ళకు కూడా వద్దు. రాత్రికి రాగిజావ, పొద్దున జీలకర్ర నీళ్ళు. హోటలు కట్టేసి ఎండలో హార్బరు రోడ్డు మీద నడక. "ఏం లావక్కా, ఓట్లకు నిలబడతా ఉండావా, ఊరంతా తిరుగుతా ఉండావే" అని వల బాగుచేసుకునే వాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కళ్ళు తిరిగి ఒకరోజు ఇడ్లీ పాత్ర మీద చెయ్యి పడింది, బొబ్బలెక్కింది. భర్త హజరత్తయ్య చేపల ట్రాలీ ఆటో తోలతాడు, మంచివాడే. "ఎందుకే ఈ పస్తులు? ఎవురు చూస్తారు నిన్ను?" అన్నాడు. ఓదార్చుదామనే అన్నాడు. ఆ మాటకు ఆమె ఆ పూట జావ కూడా తాగలేదు.

పెళ్ళి మూడు రోజులుందనగా జాకెట్టు వచ్చింది. చేతుల మీద నెమళ్ళు, మెడ చుట్టూ మామిడి పిందెలు, వీపు మీద చిన్న కలశం. ఇంత అందమైన వస్తువు ఆమె పేరు మీద ఎప్పుడూ ఆ ఇంటికి రాలేదు. లోపలిగదిలో గడియ పెట్టుకుని వేసుకుంది. ఎడమ చెయ్యి మోచేతి పైన ఆగిపోయింది. తోసింది. పూసలు చర్మాన్ని గీరాయి. కుడి చెయ్యి కూడా ఎట్లాగో దూర్చి, ముందు రెండు వైపులా దగ్గరికి లాగింది. హుక్కులకూ కాజాలకూ మధ్య జానెడు ఎడం. ఊపిరి బిగబట్టింది. జానెడు జానెడుగానే ఉంది. ఇక తీసేద్దామంటే చేతులు రావు. ఆ నెమళ్ళలో ఇరుక్కుని నేల మీద కూర్చుని ఏడ్చింది. బిడ్డ పెళ్ళని కూడా చూడకుండా చచ్చిపోతే బాగుండుననుకుంది, నిజంగానే అనుకుంది.

మరునాడు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి బీజాన్ దగ్గరికి పోయింది. బీజాన్ జాకెట్టు లోపలివైపు తిప్పి కుట్లు చూసింది. "లోపల గుడ్డ లేదక్కా. నూలుపోగు కూడా వదలొద్దన్నారు కదా. కోసి అతుకేస్తే నెమలి రెండు ముక్కలవుతుంది." ఇంకేదో చెప్పబోయి నోరు మూసుకుంది.

"అనూషకు చెప్పొద్దమ్మా" అంది పెంచలమ్మ.

అక్కణ్ణించి ట్రంకురోడ్డు మీద ఎన్ని రెడీమేడ్ షాపులుంటే అన్ని ఎక్కి దిగింది. ఒక షాపులో నలభై రెండు సైజు దాకే అన్నారు. ఒక షాపులో ఆమెను చూసి, అడగకముందే తల అడ్డంగా ఊపారు. ఇంకో దాంట్లో ఒక పిల్ల జాలిపడి సాగే గుడ్డది ఒకటి తెచ్చింది. అది పట్టింది. ఊరంతటికీ ఆమెకు పట్టింది అదొక్కటే, అదీ నలుపు. కన్యాదానానికి నలుపు కట్టుకుని ఏ తల్లి కూర్చుంటుంది? ఒక్కరోజులో కుట్టిస్తారా అని టైలర్లను అడిగితే లగ్గాలమ్మా, తల గోక్కునే తీరిక లేదు అన్నారు. ఆమె ఉత్త చేతులతో బస్సెక్కింది.

పెళ్ళిరోజు మండపంలో విడిదిగదిలో పెంచలమ్మ వంగపండు పట్టుచీర కట్టుకుని, లోపల వీపు మీద పట్టీ ఉన్న కాటన్ జాకెట్టు తొడుక్కుంది. పైట నిండుగా కప్పుకుంటే పర్వాలేదనిపించింది. ఎందుకైనా మంచిదని అద్దం ముందు నిలబడి, చెంబు పట్టుకున్నట్టు రెండు చేతులూ ఎత్తి చూసుకుంది. పైట జారింది. వెనకాల వెలిసిపోయిన పట్టీ, చంకలో చెమట మరక, కిందికి జారిన చేతి కండ, అన్నీ ఒక్కసారి కనిపించాయి. బయట ఫోటోల వాళ్ళు, "ధార పోసేటప్పుడు చేతులు దగ్గరగా తీయాల, పెద్ద తెర మీద కూడా అదే పడుతుంది" అని మాట్లాడుకుంటున్నారు. ఆమె చేతులు దించేసింది.

హజరత్తయ్యను పిలిచి, "మోకాళ్ళు మడవలేక పోతా ఉండానయ్యా. పీటల మీద మీ తమ్ముణ్ణీ పోలేరమ్మనీ కూర్చోబెట్టండి" అంది.

ఒద్దంటారనుకుంది. కాస్త బతిమాలతారనుకుంది. బతిమాలితే ఏమో, కూర్చునేదేమో. హజరత్తయ్య, "నీ ఇష్టం, నొప్పితో ఏం కూర్చుంటావులే" అన్నాడు. తోడికోడలు పోలేరమ్మ, "నువ్వేం దిగులు పడబాకక్కా, నేను చూసుకుంటా" అని అప్పుడే కొంగు సర్దుకుంది. నిమిషంలో తేలిపోయింది. ఆమె రాకపోవడం అందరికీ ఎంత సులువుగా ఉందో చూసి పెంచలమ్మకు కళ్ళనీళ్ళు కూడా రాలేదు.

భోజనాల హాల్లోకి పోయి చివరి బల్ల దగ్గర కూర్చుంది. వంటవాళ్ళు జువ్వలదిన్నె వాళ్ళే. గోడ మీద పెద్ద తెరలో పెళ్ళి కనిపిస్తోంది. తెరలో అనూష తల ఎత్తి, పీటల వైపు చూసి, చుట్టూ వెతికింది. మళ్ళీ వెతికింది. అయ్యగారు ఏదో చెప్పాడు, తల దించుకుంది.

పెళ్ళికి వచ్చిన బీజాన్ ఆమెను వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చుంది. చేతిలో ఒక కాగితం పొట్లం. బల్ల మీద పెట్టి విప్పింది. చంకల కింద అతుకులున్న కాటన్ జాకెట్టు, ఉతికి, ఇస్త్రీ చేసి ఉంది.

"ఇది మీదే కదక్కా" అంది బీజాన్. "అనూష నాకు రెండిచ్చింది. మా అమ్మ సిగ్గుపడి చిన్నది పంపిస్తా ఉండాది, నువ్వు దీన్ని పెట్టి గీయి, ఆమెకు మాత్రం తెలియనీయొద్దు, బాధపడతాది అని చెప్పింది. దీని మీదే గీసినా. మీకు తెలియకుండా చేసేది మనసొప్పక ఒక మాట అడుగుదామని ఫోన్ చేసినా. నూలుపోగు కూడా వదలొద్దన్నారు. గీత చెరిపేసి చిన్నదాన్ని పెట్టి మళ్ళా గీసినా. తప్పు నాదే అక్కా, బిడ్డ మాట వినుండాల్సింది."

పెంచలమ్మ ఆ అతుకుల మీద చెయ్యి పెట్టింది. ఈ ఒళ్ళు ఎంతుందో బిడ్డకు తెలుసు. దండెం మీంచి తీసుకుని, మడిచి, మోసుకుపోయింది. ఈ ఒంటిని చూసి తనే సిగ్గుపడింది, బిడ్డ సిగ్గుపడనే లేదు. తెరలో అయ్యగారు ధార పోయమన్నాడు. గాజుల చేతులు రెండు దగ్గరగా కనిపించాయి, సన్నటి చేతులు, నిండా వర్కున్న జాకెట్టు. పోలేరమ్మ చెంబు వంచింది. నీళ్ళు పడ్డాయి, అయిపోయింది.

"లావక్కా," వంటింట్లోంచి కేక వినిపించింది, "సాంబారు చాలేట్టు లేదు, ఒకసారి చూస్తావా?"

"వస్తా ఉండా" అంది పెంచలమ్మ. పొట్లం చంకలో పెట్టుకుని లేచింది. బల్ల పట్టుకోకుండా, ఏ నొప్పీ లేని మోకాళ్ళతో వంటింటి వైపు నడిచింది.