సున్నా వేసిన జీతం

పోయిన ఏడాది ఒక సాఫ్ట్‌వేర్ మా కోడలిని దొంగ లెక్కల మనిషిని చేసింది. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మాకు కర్నూలు బజారులో కిరాణా హోల్‌సేల్ అంగడి ఉంది. ఇల్లు కల్లూరులో. నా కొడుకు వాళ్ల నాయనతో పాటు అంగడిలోనే ఉంటాడు. కోడలిది కడప. ఇంట్లో కూర్చునే ఒక విదేశీ కంపెనీకి పని చేస్తుంది. కూర్చునే చోటు గురించి చెప్పాలంటే మాత్రం నాకే సిగ్గు. వంటింటికీ సామాన్ల గదికీ నడుమ ఉన్న సందు అది. వెనక కందిపప్పు మూటలు, పక్కన కుక్కరు. మీటింగు నడుమ విజిలొస్తే అవతలివాళ్లు ఉలిక్కిపడేవాళ్లట. ఎండాకాలం వచ్చిందంటే ఆ సందులో ఫ్యాను కూడా వేడిగాలే కొట్టేది.

అందుకని మిద్దె మీద తనకంటూ ఒక గది కట్టించుకోవాలని ఆ పిల్ల ఆశ. ఎవరి ముందరా చెయ్యి చాచలేదు. జీతంతో పాటు కంపెనీ ఇచ్చిన షేర్లు కొన్ని అమ్మింది. మేస్త్రీ వచ్చి కొలతలు కూడా తీసుకుపోయాడు. నేలకు కడప బండలే పరవాలి, చల్లగా ఉంటాయి అని నాతో ఎన్నిసార్లు చెప్పుకుందో. పన్ను పోగా మిగిలేదెంతో తేలితే పని మొదలుపెట్టడమే.

అక్కడే తగులుకుంది. పన్ను రిటర్ను వేసే సాఫ్ట్‌వేర్‌లోకి షేర్లు అమ్మిన కాగితం ఎక్కించగానే ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఏందమ్మా అవి అంటే చదివి చెప్పింది. కొన్న తారీఖు కంటే అమ్మిన తారీఖు ముందుందట. అంటే చేతికి రాని సరుకు అమ్మిందనే కదా అర్థం? నేను ఐదో తరగతి దాటలేదు గానీ అంగడి ఇంట్లో బతికినదాన్ని. లేని సరుకు అమ్మినావనడం ఎంత పెద్ద మాటో నాకు తెలుసు. మనిషి అనుంటే అక్కడే నాలుగు కడిగేసేదాన్ని. మిషన్ని ఏమనగలం?

కోడలు ఒక పూటంతా దాంతో పోరాడి మర్మం కనిపెట్టింది. ఆ దేశంవాళ్లు తారీఖులో నెల ముందు రాసి, రోజు తర్వాత రాస్తారట. షేర్లు చేతికొచ్చింది ఫిబ్రవరి పదిన. దాన్ని ఈ సాఫ్ట్‌వేర్ అక్టోబరు రెండు అని చదువుకుంది. అమ్మింది అదే ఏడాది జూలై ఏడున. అది ఎటునుంచి చదివినా జూలై ఏడే. ఇంకేముంది, అక్టోబరులో రావాల్సినవి జూలైలోనే అమ్మేసినట్టయింది. చదవడం రానిది అది, తప్పు మాత్రం మా పిల్లది!

తారీఖులు దిద్దింది. ఎర్ర అక్షరాలు పోయి పచ్చ టిక్కు పడింది. హమ్మయ్య అని నేను కాఫీ కలిపి తెచ్చేసరికి కోడలి మొహం పాలిపోయి ఉంది. పన్ను చూస్తే గది ఎగిరిపోయేంత ఉంది. అమ్మిన షేర్లకు కొన్న ధరగా సున్నా పడింది. విదేశంలో షేర్లు అమ్మిపెట్టే సంస్థ కాగితంలో ఆ గడి సున్నాగానే వస్తుందట, సాఫ్ట్‌వేర్ దాన్నే ఎత్తుకుంది. షేర్లు వచ్చిన రోజున ఉన్న ధరను కొన్న ధరగా వేయాలి అంటూ ఆమె దిద్దితే, ఎక్కించిన కాగితంతో పొంతన లేదని మళ్లీ ఎర్ర అక్షరాలు. ఒప్పు వేస్తే ఎరుపు, తప్పు వేస్తే పచ్చ! సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఫోను చేస్తే దాంట్లోంచి బయటికొచ్చి మళ్లీ లోపలికి పొమ్మన్నారు. ఎన్నిసార్లు పోయొచ్చినా ఆ సున్నా కదల్లేదు.

సాయంత్రం మా ఆయన అంగడి నుంచి వచ్చి విన్నారు. లెక్కల్లో ఆయనది ఒకటే పట్టు. సబ్బుల కంపెనీవాళ్లు పది పెట్టెలు కొంటే ఒక పెట్టె స్కీము కింద ఊరికే ఇస్తారు. చాలామంది ఆ పెట్టెను లెక్కలోకే రానివ్వరు. మా ఆయన మాత్రం విడిగా రాసి, కొన్న ధర సున్నా అని వేసి, అమ్మిందంతా లాభమే అని పన్ను కడతారు. బజారులో ఆయన పేరు నిలబడింది దానివల్లే.

"ఊరికే వచ్చిందానికి కొన్న ధర యాడుంటాదమ్మా?" అన్నారు కోడలితో. "మన స్కీము సబ్బులకు వేస్తాండామే, అట్లే సున్నా వెయ్. పన్ను ఎక్కువైతే కానీ. రేపు ఎవురితోనూ మాట పడకూడదు."

"ఊరికే రాలేదు మామా. అది నా జీతమే. షేర్లొచ్చిన పొద్దే జీతం కింద లెక్కగట్టి పన్ను పట్టుకున్నారు. సున్నా వేస్తే కట్టినదానికే మళ్లా కట్టాల."

ఆయన అంగడి ఆడిటరుకు ఫోను కలిపారు. ఆ మహానుభావుడు కాగితం కూడా చూడలేదు. షేర్లు ఫ్రీయే కదా, సాఫ్ట్‌వేరే ఒప్పుకున్నాక మనకెందుకు అన్నాడట. ఇద్దరు మగవాళ్లు, ఒక మిషను ఒకే మాట మీదికొచ్చారు. కోడలు ల్యాప్‌టాప్ మూసేసింది.

"గది వద్దులే అత్తా," అంది నాతో. "మేస్త్రీకి చెప్పేస్తా."

ఆ మాటతో నాలో ఏదో తెగింది.

"ఊరికే వచ్చిందంటారే," అన్నాను మా ఆయనతో. "స్కీము పెట్టె కోసరం మీరు ఏం పని చేస్తిరి? ఈ పిల్ల ఆ సందులో చెమటలు కక్కి సంపాయించింది. నేను ఇన్నేండ్లు చింతపండు గింజ తీసి, పొట్లాలు కట్టి అంగడికి పంపిస్తి. చింతపండుకు ధర రాస్తిరి, నా చేతులకు సున్నా వేస్తిరి. ఆ సున్నా నాతోనే సరి. దీనికి వేయొద్దండి."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, జీతం కాగితం చూపించమ్మా అన్నారు. కోడలు మళ్లీ ల్యాప్‌టాప్ తెరిచింది. జీతం వరసలోనే షేర్ల విలువ ఉంది, పట్టుకున్న పన్నూ ఉంది. వేలు పెట్టి వరసవెంబడి చదువుకున్నారు.

"ఇది ముందే కట్టినారా?"

"కట్టినారు మామా."

"అయితే ఇది కూలి."

వెంటనే ఆడిటరుకు మళ్లీ ఫోను చేశారు. "ఏమప్పా, కూలికి సున్నా వేయమంటివే? మా గుమాస్తా జీతం గూడా నీకు ఫ్రీగానే కనపడతాండాదా?"

తెల్లవారి కోడలు ఎక్కించిన కాగితం మొత్తం తీసేసింది. అమ్మకం వివరాలన్నీ తన చేత్తోనే టైపు చేసింది, వచ్చిన రోజు ధర వేసి. ఈసారి అంకెలు సరిగ్గా ఉండీ పచ్చ టిక్కు పడింది. ముందు దినమంతా మా పిల్లను దోషిలా నిలబెట్టిన ఆ సాఫ్ట్‌వేర్ తెర మీద ధన్యవాదాలు అని చూపించి ఊరుకుంది. ఆడిటరు ఏడాది ఫీజులో పైసా తగ్గించుకోలేదు.

గది లేచింది. కడప బండలు పరిచారు. మధ్యాహ్నాలు కోడలు పని చేసుకుంటుంటే నేను ఆ చల్లటి నేల మీద నడుం వాలుస్తాను. కుక్కరు చప్పుడు అక్కడికి రాదు.

స్కీము సబ్బులకు మా ఆయన ఇప్పటికీ సున్నానే వేస్తారు, దానికి నేనేమీ అనను. కొత్త చింతపండు దిగే రోజులొచ్చాయి. గింజ తీసే కూలి ఎంతో ఈసారి ముందే మాట్లాడుకుందాం అన్నాను ఆయనతో. ఆయన నవ్వారు. నేను నవ్వలేదు.