పక్కింటి ఆపా ఊదిన నీళ్ళు

నా చిన్నప్పుడు, వాడంతా ఆపా అని, అంటే అక్క అని, పిలిచే మా పక్కింటావిడ గ్లాసెడు నీళ్ళలో ఊది, చనిపోయిన మా అమ్మను లేపి కూర్చోబెట్టింది. నేను కళ్ళారా చూశాను. తాండూరులో ఈ మాట నా నోట వినని మనిషి లేడు. బండల పాలిష్ మిల్లుల దగ్గర, టీ కొట్లలో, పెళ్ళి పందిళ్ళలో ఎక్కడ పడితే అక్కడ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అమ్మ ఇంకొంచెం ఎక్కువసేపు చనిపోయి ఉండేది.

ఇప్పుడు ఆ మాటే నా మెడకు చుట్టుకుంది.

ఆపా మనవరాలు వికారాబాద్‌లో కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతుంది. ఇంటర్నెట్‌లో అందరూ చదువుకునే విజ్ఞాన సర్వస్వం ఒకటి ఉందట. అందులో తన నాయనమ్మ జీవితం రాసింది. ఆపా ఆడవాళ్ళకు ఖురాన్ నేర్పింది. శుక్రవారం పూట వాళ్ళను తన వాకిట్లో కూర్చోబెట్టుకుని ధర్మం విడమరిచి చెప్పింది. పోయిన ఆడవాళ్ళకు చివరి స్నానం తన చేతులతో చేయించింది. ఆడవాళ్ళ సందేహమేదైనా వస్తే మౌల్వీలు కూడా ఆమె ఇంటికే పంపేవారు. ఇదంతా రాసి, నడుమ నా కథ పెట్టింది ఆ పిల్ల. మొత్తం వ్యాసానికి అచ్చులో దొరికిన ఆధారం ఒక్కటే, ఎప్పుడో ఒక చిన్న పత్రిక వేసిన నా ముచ్చట. చచ్చినవాళ్ళు లేచారని చెప్పే ఆధారాన్ని నమ్మలేమని, దాన్ని పట్టుకుని రాసిన మిగతాదీ నమ్మలేమని, వ్యాసం తీసేస్తామని అక్కడి పరిశీలకులు నోటీసు పెట్టారు.

మొన్న ఆ పిల్ల వ్యాసం కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది.

"తాతా, నువ్వే సదివి దిద్దు. దాదీని సూసినోళ్ళు ఇంకెవరున్నరు? గిది గూడ పోతే ఆమె ఉండెనన్న జాడనే ఉండది."

"జర నిమ్మలంగుండు బిడ్డా. ఫికర్ జెయ్యకు."

"ఫికర్ ఎట్ల జెయ్యద్దు? సచ్చిన మనిషి నిజంగ లేచిందా, లేదా? గదొక్కటి జెప్పు."

చదివి చెబుతానని కాగితాలు తీసుకున్నాను. ఆ పిల్ల వెళ్ళాక ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను కానీ ఒక్క వాక్యమూ దిద్దలేకపోయాను. కథ కొట్టేస్తే ఆపాకున్న ఒక్క ఆధారమూ పోతుంది. ఉంచితే ఆమె దొంగ బాబాల వరుసలో నిలబడుతుంది. ఆమెను పెద్ద చేద్దామని నేను చెప్పిన మాటే ఆమెను తుడిచేస్తోంది. నా ఈడువాళ్ళ ఇళ్ళు తిరిగాను. ఒకాయనకు వినపడదు. ఒకామెకు సొంత కొడుకే గుర్తులేడు. బాగా గుర్తుందన్నవాళ్ళు నా కథనే నాకు తిప్పి చెప్పారు, అదీ కన్నీళ్ళు పెట్టుకుని. తాండూరు అంతటా నా అబద్ధం తప్ప ఆపా ఎక్కడా మిగల్లేదని ఆ రోజు తెలిసింది. ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు.

అందుకే జరిగింది జరిగినట్టు రాయడానికి కూర్చున్నాను.

అమ్మ చనిపోలేదు. తమ్ముడు పుట్టాక ఆమెకు జ్వరం పట్టుకుంది. ఒళ్ళు పెనంలా కాలేది. మమ్మల్ని గుర్తుపట్టడం మానేసింది. మంత్రసాని చేతులెత్తేసి, వికారాబాద్ ఆసుపత్రికి తీసుకుపొమ్మంది. మా నాయన కదలలేదు. అంతకుముందు మా చిన్నమ్మ అదే ఆసుపత్రిలోకి తన కాళ్ళతో నడిచి వెళ్ళి, చాపలో చుట్టిన శవమై తిరిగి వచ్చింది. ఆ భయం ఆయన కాళ్ళు కట్టేసింది. ఆపా ఊదిన నీళ్ళు తాగిస్తే చాలన్నాడు. పిల్లల జడుపుకైనా, పాలివ్వని బర్రెకైనా మా వాడలో ఏ ఇంటివాళ్ళమైనా గ్లాసు పట్టుకుని ఆమె గడప దగ్గరే నిలబడేవాళ్ళం.

ఆపా వచ్చి అమ్మ నుదుటి మీద చెయ్యి వేసింది. మా అక్క అందించిన గ్లాసు తీసుకుని, పెదవులు కదిలిస్తూ ప్రార్థన చదివి, ఊదింది. నాయన దాన్ని అందుకోబోతే ఆపింది. ఈ నీళ్ళు తాండూరులో పనిచెయ్యవని, వికారాబాద్ ఆసుపత్రి గడప దాటాకే తాగించాలని, దారిలో చుక్క ఒలికినా ఫలితముండదని చెప్పింది. అంతే, నాయన పరుగెత్తి రైలు స్టేషన్‌కు బండి కట్టాడు. రైల్లో అమ్మ తల ఆపా ఒళ్ళో ఉంది, గ్లాసు నాయన చేతుల్లో ఉంది. రైలు కుదిపినప్పుడల్లా ఆయన ముఖం పాలిపోయేది, పక్కన కూర్చున్న నా ప్రాణం పోయేది. ఆసుపత్రిలో సూదులు వేశారు. చాలా రోజులకు అమ్మ నడిచి ఇంటికి వచ్చింది.

ఎదుటి మనిషి భయాన్ని వెక్కిరించకుండా, దాని చెయ్యి పట్టుకునే అతన్ని దారికి తేవచ్చని ఆ రోజు నేర్చుకున్నాను. ఈనాటికీ మనవడు సూదికి ఏడిస్తే, వాడి కోసం నేనూ అలాంటి గ్లాసు ఒకటి వెతుకుతాను.

రాసింది చూసుకుని నాకే ముచ్చటేసింది. ఆ పిల్లను పిలిపించి, కుల్కచర్లలో ఉన్న మా అక్కకు ఫోన్ కలిపి, ఇద్దరికీ వినపడేలా చదివాను.

"అయిపోయిందా?" అంది అక్క.

"అయిపోయిందక్కా. ఎట్లుంది?"

"మస్తుంది. నువ్వెప్పుడెక్కినవ్‌రా రైలు? నిన్ను ఇంట్లనే ఇడిసిపెట్టి పోతిమి. బండెనక ఏడ్సుకుంట ఉరికినవ్."

"సరే, నేను లేను. నీళ్ళ సంగతైతే నిజమే గద?"

"యాడి నీళ్ళురా? గ్లాసిచ్చిందాన్ని నేను, నన్నడుగు. ఆమె ఊదనే లేదు. నాయిన ఊదమని మొత్తుకుంటుండె, వాడకట్టంత సూస్తుండె. అందరి ముందర నీళ్ళు బండల మీద పారబోసింది. 'నా నోట్లకెళ్ళి వచ్చేది ఉత్త గాలి. ఇన్నొద్దులు మీ నిమ్మలం కోసం ఊదిన. ఇప్పుడు ఊదితే గీ బాలింత సస్తది, దవఖానకు తీస్కపోండ్రి' అన్నది. గప్పటిసంది సగం మంది ఆమె గడప తొక్కలే. శుక్రారం నిండే వాకిలి బోసిపాయె. 'గిట్లయితదని నాకు ముందే ఎరికుండె' అన్నది ఆమె. బిడ్డా, ఇంటున్నవా? గది రాసుకో. మా తమ్ముని మాట రాయకు."